లెక్కలు చూచువాని బాధ్యత యెంత?

ప్రజల సొమ్మును ఒక యుద్యోగి యపహరించెను. ఆ లెక్కలను ఏటేట పరీక్షించిన ఆడిటరు దానిని కనిపెట్టలేకపోయెను. అట్టి సందర్భమున నష్టమునకు ఆడిటరుకూడ బాధ్యుడగునా? ఈ ప్రశ్న న్యాయవాదులకు మాత్రమే సంబంధించినదని పలువురు తలంతురు. కాని పంచాయతీకి ఇంటిపన్ను చెల్లించు తలిదండ్రులకును, రేపు గుమాస్తాలును, సర్పంచులును, ఆడిటర్లును కానున్న విద్యార్థులకును ఇది తెలిసియుండదగిన విషయము. కావున దీనినిగూర్చి కొంత వివరింపబూనితిమి.

మొదట, దొంగతనము చేసినవాడు వేరు, దానిని కనిపెట్టలేకపోయినవాడు వేరు అని గ్రహింపవలెను. ఆడిటరు సొమ్మును ముట్టడు. అతడు నగదు పుస్తకమును, రశీదులను, వోచర్లను, బ్యాంకు లెక్కను పోల్చిచూచి, ఇవి యథార్థస్థితిని తెలుపుచున్నవో లేదో తన యభిప్రాయము వ్రాయును. ఆ సంతకమును నమ్మి ఇతరులు నిశ్చింతగా నుందురు. అతని బాధ్యత యంతయు ఈ నమ్మకమునుండియే పుట్టినది.

ఈ విషయమున ఇంగ్లండు న్యాయస్థానములు తొలుత చెప్పిన తీర్పులు నేటికిని ఉదాహరింపబడుచున్నవి. 1896వ సంవత్సరమున కింగ్‌స్టన్ కాటన్ మిల్లు కేసు విచారణకు వచ్చెను. ఆ మిల్లు మేనేజరు నిలువయున్న దూదిని, నూలును హెచ్చుగా చూపి పెక్కేండ్లు మోసగించెను. ఆడిటర్లు అతడిచ్చిన ధ్రువపత్రమును నమ్మిరి. అనుమానమునకు హేతువు లేనప్పుడు నమ్మదగిన యుద్యోగి మాటను నమ్ముట తప్పు కాదని న్యాయస్థానము వారిని విడిచిపుచ్చెను. ఆడిటరు కావలికుక్కవంటివాడే గాని వేటకుక్కవంటివాడు కాడని లార్డ్ జస్టిస్ లోప్స్ అభిప్రాయపడెను. అయితే అంతకు ముందటి యేడు, అనగా 1895లో, లండన్ అండ్ జనరల్ బ్యాంకు కేసున ఆడిటరు బాధ్యుడని తీర్పు వచ్చియుండెను. బ్యాంకు ఇచ్చిన అప్పులు వసూలుకావని యెరిగియు, అతడు వాటాదారులకు ఆ సంగతి స్పష్టముగా చెప్పలేదు. ఈ రెండు తీర్పులను కలిపి చదివినచో తేలునది యిది: ఆడిటరు ఎల్లరి నిజాయితీకిని పూటకాపు కాడు, కాని తగిన నేర్పును, జాగ్రత్తను చూపుటకు బద్ధుడు, అనుమానము కలిగినచోట మిన్నకుండరాదు.

తగిన జాగ్రత్త యనగా నేమి? మా యభిప్రాయమున దాని సారమొక్కటే. ఎవని లెక్కను పరీక్షించుచున్నాడో, సాక్ష్యమంతయు వాని చేతినుండియే పుచ్చుకొనరాదు. క్రైస్తవ కుటుంబములవారు లూకా సువార్త 16వ అధ్యాయమున అన్యాయస్థుడైన గృహనిర్వాహకుని కథ నెరుగుదురు. యజమానునికి అతని దుబారా తెలిసినది అతని లెక్కల పుస్తకమువలన కాదు. ఇతరులు వచ్చి చెప్పుటవలన. మన కాలపు రెండు గొప్ప మోసములయందును ఇట్లే జరిగినది.

మొదటిది అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున డిక్సన్ అను చిన్న పట్టణమునకు సంబంధించినది. అచ్చటి జనసంఖ్య సుమారు 16 వేలు. పట్టణపు కోశాధికారిణి రీటా క్రండ్‌వెల్ 1990లో పట్టణము పేర ఒక రహస్యపు బ్యాంకు ఖాతాను తెరచి, దొంగ బిల్లులను చూపి, 2012 వరకు 5 కోట్ల 30 లక్షల డాలర్లకు పైగా మళ్లించుకొనెను. ఆ సొమ్ముతో మేలుజాతి గుఱ్ఱములను పెంచెను. ఏటేట ఆడిట్ జరుగుచునే యుండెను. 2011లో ఆమె సెలవులో నుండగా మరియొక ఉద్యోగిని పట్టణపు ఖాతాలన్నిటి వివరములను నేరుగా బ్యాంకునుండి తెప్పించెను. అంతవరకు ఎవ్వరెరుగని ఖాతా బయటపడెను. 2013లో క్రండ్‌వెల్‌కు 19 సంవత్సరముల 7 నెలల శిక్ష పడెను. పట్టణమువారు ఆడిటర్లపైనను బ్యాంకుపైనను దావా వేయగా, ఆ యేడే 4 కోట్ల డాలర్లకు రాజీ కుదిరెను. అందు 3 కోట్ల 51 లక్షల 50 వేల డాలర్లు ఒక్క ఆడిట్ సంస్థయే చెల్లించెను. ఇరువదేండ్లకు పైగా దాగిన రహస్యము బ్యాంకును నేరుగా అడిగిన ఒక్క ప్రశ్నతో వెల్లడియయ్యెనని పాఠకులు గమనింతురు గాక.

రెండవది మన తెలుగునాటిది. హైదరాబాదునందలి సత్యం కంప్యూటర్స్ కంపెనీ అధ్యక్షుడు రామలింగరాజు 2009 జనవరి 7వ తేదీన లెక్కలలో చూపిన నగదు, బ్యాంకు నిలువలలో 5,040 కోట్ల రూపాయలు లేనివని తానే లేఖ వ్రాసెను. ఇది ప్రభుత్వ సొమ్ము కాదు; అయినను ఆడిటరు బాధ్యతకు ఇంతకంటె ముఖ్యమైన ఉదాహరణము మనకు లేదు. ఆడిటర్లు డిపాజిట్ల ధ్రువపత్రములను కంపెనీ చేతినుండి పుచ్చుకొనిరి గాని, బ్యాంకులనుండి స్వయముగా రూఢిచేసికొనలేదన్నది వారిపై వచ్చిన ప్రధానమైన యాక్షేపణ. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానము పదిమందికి ఏడేండ్ల శిక్ష విధించెను. అందు ఇద్దరు ఆడిటర్లు. పిదప అప్పీలులో ఆ శిక్ష అమలు నిలుపబడెను. 2018లో సెబీ ఆ ఆడిట్ సంస్థపై రెండేండ్ల నిషేధము విధింపగా, 2019లో అప్పీలు ట్రిబ్యునల్ దానిని కొట్టివేసెను. మోసమునందు సంస్థకు భాగమున్నట్లు ఋజువుకాలేదనియు, నిర్లక్ష్యము వేరు, మోసము వేరు అనియు ట్రిబ్యునల్ అభిప్రాయము. ఈ భేదము విద్యార్థులు మరువరానిది. నిర్లక్ష్యమునకు నష్టపరిహారము, వృత్తిసంబంధమైన శిక్ష కలుగవచ్చును, కుట్రకు చెరసాల.

ఇక ప్రభుత్వపు ఆడిటర్ల మాట. మన రాష్ట్రమున పంచాయతీల, పురపాలక సంఘముల లెక్కలను రాష్ట్ర ఆడిట్ శాఖ పరీక్షించును. చట్టవిరుద్ధముగా వ్యయమైన సొమ్మును అందులకు కారకులైనవారినుండి రాబట్టుటకు సర్‌చార్జి అను పద్ధతి కలదు. ఈ భారము సొమ్ము వ్యయము చేసినవారిపై పడునే గాని, పరీక్షించినవానిపై గాదు. ఏమరినవానిపై సాధారణముగా శాఖాపరమైన చర్య మాత్రమే యుండును. కావున పోయిన సొమ్ము ప్రజలకు తిరిగివచ్చు మార్గము ఇచట ఇరుకైనది. నష్టము జరిగిన పిమ్మట వెదకుటకంటె ముందే కనిపెట్టుట మనకు మరింత యవసరము.

దీనికి మన కృష్ణదేవిపేట ప్రాంతపు చరిత్రయే సాక్ష్యము. గూడెము డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యమున రోడ్డుపని చేయించుచు, కొండవారికి న్యాయముగా రావలసిన కూలిని పూర్తిగా ఇవ్వలేదని చరిత్రకారులు వ్రాసిరి. పైవారికి చేసికొన్న ఫిర్యాదులు ఫలింపలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై అల్లూరి సీతారామరాజు దాడిచేసిన తిరుగుబాటునకు గల కారణములలో ఈ కూలి యన్యాయ మొకటి. కూలివాని వేలిముద్రయు, మొత్తపు కూడికయు సరిగా నున్నచో, కచ్చేరిలో కూర్చున్న పరీక్షకునికి మష్టరు రోలున ఏ లోపమును కనబడదు. కూలి యెంత ముట్టినదో చెప్పగలవాడు కూలివాడొక్కడే. అతనిని అడుగు ఆడిటరు నాడు లేకపోయెను.

ఈ లోపమును తీర్చుటకే 2005నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టమున సామాజిక తనిఖీ యేర్పరుపబడెను. 2006నుండి ఆంధ్రప్రదేశమున శిక్షణ పొందిన గ్రామస్థులు మష్టరు రోళ్లను చేతబట్టుకొని ఇంటింటికి పోయి, కూలివారికి చదివి వినిపించి, వారి మాటను వ్రాసికొని, బహిరంగసభలో అధికారుల యెదుట చర్చించిరి. చదువురాని కూలివాడు సైతము ఇట్లు ప్రభుత్వపు లెక్కకు సాక్షి యయ్యెను.

కాబట్టి ఆడిటరును నిందించుటతోనే మన పని తీరదు. తలిదండ్రులారా, పన్ను చెల్లించినప్పుడు రశీదు నడుగుడు. చదివినగాని వేలిముద్ర వేయకుడు. గ్రామసభలో జమాఖర్చులు చదువుమని కోరుడు. విద్యార్థులారా, మీలో ఆడిటర్లు కాగోరువారు కూడికలు సరిచూచుటతో తృప్తిపడక, సొమ్ము చేరవలసినవానికి చేరినదాయని బ్యాంకును, సరకు అమ్మినవానిని, కూలివానిని స్వయముగా అడుగుట నేర్చుకొనుడు. అట్లడిగియు కనిపెట్టలేకపోయినవానిని న్యాయము క్షమించును. అడుగక సంతకము చేసినవానిని క్షమింపదు.