బొమ్మ రైలింజను చొక్కా విప్పటం ఎలా?

పిల్లలూ! విజయనగరం స్టేషనులో కాసేపు నిలబడితే ఎన్ని ఇంజన్లు కనిపిస్తాయో మీకు తెలుసు. హౌరా నుంచి చెన్నై వైపు పోయే పెద్ద దారీ, బొబ్బిలి, పార్వతీపురం మీదుగా రాయపూరు పోయే దారీ కలిసేది అక్కడే. వాటిని చూసి చూసి, అచ్చం అలాంటిదే చేతిలో పట్టేంత ఇంజను ఒకటి ఉంటే బాగుండునని ముచ్చటపడే పిల్లలు మన వైపు తక్కువేమీ కాదు. కొందరికి ఏ మేనమామో పై దేశం నుంచి వస్తూ తెచ్చి యిస్తాడు. అది పట్టాల మీద కొన్నాళ్ళు చక్కగా తిరుగుతుంది. తరవాత ఒకనాడు కీచుమంటుంది. ఆగి ఆగి నడుస్తుంది. చివరికి కదలనే కదలదు.

అప్పుడు లోపలేమున్నదో చూడాలనిపిస్తుంది. చూడవలసిందే! కాని అలాంటి ఇంజనుకు అసలు గండం పైతొడుగు ఊడదీసే ఆ అయిదు నిమిషాల్లోనే ఉన్నది. లోపలి కొక్కెం ఒకటి పుటుక్కున విరిగిందంటే, దానికి బదులు ముక్క శ్రీకాకుళం బజారంతా తిరిగినా దొరకటం కష్టం. మళ్ళీ మేనమామ వచ్చేదాకా ఇంజను అలమారులో కూర్చోవలసిందే.

ఇవి అంత సున్నితంగా ఎందుకుంటాయో ఒక చిన్న లెక్క చేస్తే తెలుస్తుంది. ఎక్కువగా దొరికే నమూనాలు అసలు ఇంజనులో 87వ వంతు. విశాఖపట్నం డీజిల్ షెడ్డు 1965లో వెలిసింది. అక్కడి పిల్లలకు ఒకప్పుడు బాగా పరిచయమైన ఇంజను డబ్ల్యు.డి.యం.2. ఆ రకానివి మొదట 1962లో అమెరికా నుంచి వచ్చాయి; 1964 నుంచి వారణాసిలో తయారయాయి. దాని పొడవు 17 మీటర్ల పైచిలుకు. 87తో భాగిస్తే 20 సెంటీమీటర్లకు కాస్త తక్కువ, అంటే జానెడు. బాగానే ఉన్నది. కాని డ్రైవరు పట్టుకుని ఎక్కే కమ్మీ 35 మిల్లీమీటర్ల లావుంటే, బొమ్మలో అది అర మిల్లీమీటరు కూడా ఉండదు! పిన్నీసు తీగకన్న సన్నం. అలాంటి దాన్ని పట్టుకుని ఇంజనును పైకెత్తితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

ఈ లెక్కలోనే మరో తమాషా ఉన్నది. నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు దారి పడింది. 1931 నాటికి అది గుణుపూరు దాకా సాగింది. ఆ రైలు ఎక్కిన సంగతులు మీ తాతగారిని అడిగితే పూటంతా చెబుతారు. దాని పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులు, అనగా 762 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగించండి. సుమారు 9 మిల్లీమీటర్లు వస్తుంది. సరిగ్గా 9 మిల్లీమీటర్ల ఎడం గల బొమ్మ పట్టాలు బజారులో అమ్ముతారు! 2004లో ఆ చిన్న రైలు ఆగిపోయి, తరవాత అక్కడ పెద్ద పట్టాలు పడ్డాయి. అయినా ఓపిక గలవాళ్ళు దాన్ని భోజనాల బల్ల మీద మళ్ళీ నడపవచ్చునన్నమాట.

సరే, తొడుగు సంగతికి వద్దాం.

మొట్టమొదట ఇంజనును పట్టాల మీదనుంచి తీసేయండి. పట్టాలలోకి వచ్చే కరెంటు సాధారణంగా 12 వోల్టులకు మించదు. కాని గోడ ప్లగ్గు నుంచి కరెంటు తీసుకునే డబ్బాలోకి వచ్చేది 230 వోల్టులు. ఇంజనును విప్పవచ్చు గాని ఆ డబ్బాను మాత్రం ఎన్నడూ విప్పకూడదు సుమా! ప్లగ్గు పీకి పక్కన పెట్టండి. మీ బొమ్మ బాటరీతో నడిచేదయితే ముందు బాటరీలు తీయండి. అవి చొక్కా గుండీల్లాంటి చిన్న బిళ్ళలయితే వెంటనే అమ్మ చేతికి ఇవ్వండి. పాకే పాపాయి ఎవరైనా ఒకటి మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల పుండు పడుతుంది. అలా జరిగిందనుకుంటే క్షణం ఆగకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి.

ఇప్పుడు బల్ల మీద పాత తువ్వాలు మడిచి, మధ్య పల్లం చేసి, అందులో ఇంజనును వెల్లకిల పడుకోబెట్టండి. బాగా వెలుతురుండాలి. పంకా ఆపండి, అది చిన్న మరలను ఎగరగొట్టదు గాని కాగితాలను కదిలించి మరలను దొర్లిస్తుంది. ఒక అట్ట ముక్క మీద ఇంజను పొట్ట బొమ్మ గీయండి. ముందు ఏదో, వెనక ఏదో రాయండి. తీసిన ప్రతి మరనూ ఆ బొమ్మలో అదే చోట గుచ్చాలి. పొడుగు మరా, పొట్టి మరా చూడటానికి ఒకేలా ఉంటాయి. పొట్టి మర ఉండవలసిన చోట పొడుగుది బిగిస్తే అది పైతొడుగును పొడుచుకుని బయటికి వస్తుంది.

ఇక అసలు పని. అది చేతులతో చేసేది కాదు, కళ్ళతో చేసేది. మన బొబ్బిలి వీణను చూడండి. దాని కుండా దండీ కలిపి ఒకే పనస దుంగలో తొలుస్తారు. రెంటికీ మధ్య అతుకు వెతికినా దొరకదు. ఇంజను అలాంటిది కాదు. ఎవరో లోపల మోటారు పెట్టి, పైన తొడుగు దించి, ఎక్కడో ఒక చోట మూశారు. ఎక్కడ మూశారో అక్కడే అది తెరుచుకుంటుంది. ఆ చోటు కనిపించేదాకా దేన్నీ లాగకండి. ఇంజనుతో వచ్చిన కాగితం ఉంటే పని సగం తేలిక. అందులో తొడుగును ఎటు లాగాలో బాణం గుర్తులు వేసి ఉంటాయి.

డీజిల్ ఇంజను పక్కల చూడండి. నిలువుగా, అడ్డంగా బోలెడు గీతలు కనిపిస్తాయి. చాలామంది అక్కడే కత్తి మొన దూరుస్తారు. ఆ గీతలు అతుకులు కావు! అసలు ఇంజనులో లోపలి యంత్రాన్ని చూసుకోవటానికి పక్క పొడుగునా తలుపులుంటాయి. బొమ్మలో ఆ తలుపులకు గీతలు మాత్రమే గీశారు. నిజమైన అతుకు కిందిగా, తొడుగూ అడుగు చట్రమూ కలిసే చోట ఉంటుంది. డీజిల్ నమూనాల్లో చాలా వాటికి మరలే ఉండవు. తొడుగు లోపలి వైపు ఉన్న కొక్కేలు చట్రం గాళ్ళలో దూరి ఉంటాయి. కొన్నిటిలో పెట్టెలను తగిలించే కొంకి తొడుగులోంచి బయటికి వస్తుంది. అలాంటప్పుడు ముందు కొంకి మర తీసి దాన్ని విడదీయాలి. ఆవిరి ఇంజనయితే బాయిలరూ డ్రైవరు గదీ కలిసి తొడుగు అవుతాయి. దాని మర తరచు ముందు చిన్న చక్రాల బండి వెనక దాగి ఉంటుంది. ఆ బండిని పక్కకు తిప్పితే బయటపడుతుంది.

మరకు సరిపోయే స్క్రూడ్రైవరే వాడండి. చిన్నది వాడితే మర తలలోని గాడి అరిగిపోతుంది. ఆ తరవాత దాన్ని బ్రహ్మదేవుడు కూడా తీయలేడు!

కొక్కేలయితే లోహపు పనిముట్టు వద్దు. పాత పోస్టుకార్డును నాలుగు సన్నని ముక్కలు చేసి, కొక్కెం ఉన్న ప్రతి చోటా తొడుగుకూ చట్రానికీ మధ్య ఒక్కొక్కటి దూర్చండి. తొడుగు అడుగు అంచు కాస్త వెలుపలికి వంగి కొక్కెం గాడి వదులుతుంది. ఒక కొక్కేన్ని వదిలించి రెండో దానికి పోయేలోగా మొదటిది మళ్ళీ గాడిలో పడకుండా కార్డు ముక్క ఆపుతుంది. ప్లాస్టిక్కు కొంతవరకే వంగుతుంది. కొబ్బరి ఈనెను చూడలేదూ? పచ్చిది విల్లులా వంగుతుంది, ఎండినది టప్పున విరుగుతుంది. పాత ప్లాస్టిక్కు ఎండిన ఈనె లాంటిది. అందువల్ల తాతగారి కాలపు ఇంజనయితే మరీ మెల్లిగా పని చేయాలి.

నాలుగు పక్కలా వదులైనాక తొడుగును తిన్నగా పైకి, అగ్గిపుల్ల వెడల్పు మాత్రం ఎత్తి ఆగండి. ఎందుకంటారా? దీపాలకు పోయే తీగలు తొడుగుకు అతికి ఉండవచ్చు. ఒక్కసారిగా లాగితే అవి తెగుతాయి. తొంగి చూడండి. తీగలుంటే తొడుగును పుస్తకం అట్టలా పక్కకు వాల్చండి. ఇంట్లో ఫోను ఉంటే ఇప్పుడొక ఫొటో తీసి పెట్టుకోండి.

లోపల ముందుగా కనిపించేది పెద్ద లోహపు దిమ్మ. ఇది దండగ బరువనుకుని తీసి పారేసేరు! చక్రాలు పట్టాల మీద జారకుండా పట్టు నిచ్చేది ఆ బరువే. మధ్యలో మోటారు ఉంటుంది. దాని కడ్డీ మీద మరమేకులాగా పురి ఉంటుంది. ఆ పురి ఒక చుట్టు తిరిగితే కింది పళ్ళచక్రం ఒక పన్ను జరుగుతుంది. చక్రానికి 20 పళ్ళుంటే మోటారు 20 చుట్లు తిరిగితే గాని అది ఒక చుట్టు తిరగదు. అందుకే అంత చిన్న మోటారు అన్ని పెట్టెలను లాగగలుగుతుంది. చెక్కలో దిగిన మరమేకును ఎంత లాగినా తనంత తాను తిరుగుతూ బయటికి రాదు గదా! ఇదీ అంతే. చక్రాలను వేలితో తిప్పి మోటారును తిప్పలేరు. బలవంతాన తిప్పితే పళ్ళు విరుగుతాయి.

చాలాసార్లు రోగం ఇరుసులకే ఉంటుంది. తల వెంట్రుకలూ, తివాచీ పోగులూ వాటికి చుట్టుకుని బిగుస్తాయి. చిమటాతో ఒక్కొక్కటే లాగేయండి. సముద్రపు గాలి తగిలే మన వైపు చక్రాల అంచున నల్లటి మురికి కూడా పడుతుంది. పొడి గుడ్డతో తుడవండి. నూనె పళ్ళచక్రానికి ఒక్క బొట్టు, అదీ సూది మొనతో. ప్లాస్టిక్కుకు హాని చేయదని డబ్బా మీద రాసి ఉన్న నూనే వాడాలి. కొబ్బరి నూనె ముద్దకట్టి మళ్ళీ పట్టేస్తుంది.

తిరిగి మూసేటప్పుడు తీగలు చట్రం కింద నలగకుండా సర్దండి. ప్లాస్టిక్కులో మర బిగించే ముందు దాన్ని ఒకసారి వెనక్కి తిప్పండి. టిక్కుమని చిన్నగా పడ్డట్టు తెలుస్తుంది. అప్పుడు ముందుకు తిప్పితే మర పాత పురిలోనే దిగుతుంది. లేకపోతే కొత్త పురి కోసుకుంటూ పోయి, నాలుగు సార్లకు చిల్లు వదులైపోతుంది. అట్ట మీద ఇంకా ఒక మర మిగిలిందా? ఇంజనును పట్టాల మీద పెట్టకండి. అది ఏ మూలదో మీ బొమ్మలోనే ఉన్నది.

అన్నీ సరిపోయాక మెల్లిగా నడపండి, ముందుకూ వెనక్కూ. ముందుకు పోతూ ఉండగా వెనక దీపం వెలిగితే కంగారు పడకండి. ఇంజను బాగానే ఉన్నది. చొక్కాయే తిరగేసి తొడిగారు!