భూమికి సమీప సూపర్నోవా

భూమిపై జీవరాశిని ప్రభావితం చేయగలిగినంత దగ్గరలో జరిగే నక్షత్ర విస్ఫోటనాన్ని సమీప సూపర్నోవా అంటారు. సూర్యునికి సుమారు 8 రెట్లకు మించిన ద్రవ్యరాశి గల నక్షత్రం ఇంధనం అయిపోయి కుప్పకూలినపుడు గాని, శ్వేత వామనతార తోటి నక్షత్రం నుండి పదార్థాన్ని గ్రహించి ఉష్ణకేంద్రక చర్యతో పేలినపుడు గాని సూపర్నోవా ఏర్పడుతుంది.

ఓజోన్ పొరపై ప్రభావం

సూపర్నోవా కాంతి గాని, వేడి గాని భూమికి ప్రమాదకరం కాదు. అసలు ముప్పు గామా కిరణాలు, ఎక్స్ కిరణాలు, విశ్వకిరణాల వలన కలుగుతుంది. ఇవి వాతావరణంలోని నత్రజని అణువులను విడగొడతాయి. విడివడిన నత్రజని ప్రాణవాయువుతో కలిసి నత్రజని ఆక్సైడులుగా మారుతుంది. ఈ ఆక్సైడులు ఉత్ప్రేరకాలుగా పనిచేస్తాయి. అనగా తాము తరిగిపోకుండానే ఓజోన్ అణువులను వరుసగా నాశనం చేస్తాయి. ఓజోన్ తగ్గినపుడు సూర్యుని అతినీలలోహిత కిరణాలు నేలకు ఎక్కువగా చేరతాయి. సముద్రపు ఉపరితలంలో నివసించే వృక్షప్లవకాలు ముందుగా దెబ్బతింటాయి. సముద్ర జీవుల ఆహారపు గొలుసుకు ఇవే ఆధారం. ఈ అవకాశాన్ని 1974లో మాల్విన్ రూడర్‌మన్ వివరించాడు.

గామా కిరణాలు కాంతితో పాటే వచ్చి కొన్ని నెలలలో తగ్గిపోతాయి. విశ్వకిరణాలు విద్యుదావేశం గల కణాలు కనుక అయస్కాంత క్షేత్రాలలో దారి మళ్ళుతూ, ఆలస్యంగా వచ్చి వేల సంవత్సరాలు కొనసాగుతాయి.

ప్రమాదకర దూరం

భూమిని చేరే అతినీలలోహిత కిరణాలు రెట్టింపు కావాలంటే విస్ఫోటనం సుమారు 26 కాంతి సంవత్సరాల లోపల జరగాలని 2003లో నీల్ గెరెల్స్ బృందం లెక్కగట్టింది. అంత దగ్గరి సూపర్నోవా వంద కోట్ల సంవత్సరాలకు ఒకటి రెండు సార్లు మాత్రమే సంభవించవచ్చు. ఎక్స్ కిరణాలను, విశ్వకిరణాలను విపులంగా పరిగణించిన తరువాతి అధ్యయనాలు ఈ హద్దును మరింత పెంచాయి.

ఆధారాలు

ఇనుము-60 అనే ఐసోటోపు అర్ధాయువు సుమారు 26 లక్షల సంవత్సరాలు. భూమి వయసు 450 కోట్ల సంవత్సరాలు కనుక, భూమి పుట్టినపుడు ఉన్న ఇనుము-60 ఎప్పుడో క్షీణించిపోయింది. 1999లో ఈ ఐసోటోపు పసిఫిక్ మహాసముద్ర గర్భంలోని ఖనిజపు పొరలలో కనబడింది. పసిఫిక్, అట్లాంటిక్, హిందూ మహాసముద్రాల నమూనాలపై 2016లో వెలువడిన ఫలితాల ప్రకారం ఇది రెండు కాలాలలో భూమిపై పడింది: 15-32 లక్షల సంవత్సరాల క్రితం ఒకసారి, 65-87 లక్షల సంవత్సరాల క్రితం మరొకసారి. ఆ విస్ఫోటనాలు సుమారు 300 కాంతి సంవత్సరాల దూరంలో జరిగాయని అంచనా. సామూహిక విలుప్తం కలిగించడానికి అది చాలా దూరం.

దాదాపు 35.9 కోట్ల సంవత్సరాల క్రితం, డెవోనియన్ యుగాంతంలో జరిగిన విలుప్తానికి సూపర్నోవా కారణం కావచ్చునని 2020లో ఒక ప్రతిపాదన వెలువడింది. ఆ కాలపు మొక్కల సిద్ధబీజాలలో అతినీలలోహిత కిరణాల వలన కలిగినట్లు కనిపించే వైకల్యాలు దీనికి ప్రేరణ. ఆనాటి శిలలలో ప్లుటోనియం-244 దొరికితే ఇది బలపడుతుంది. ఇంతవరకు ఇది పరికల్పన మాత్రమే.

రాబోయే సూపర్నోవాలు

త్వరలో పేలగల నక్షత్రమేదీ ప్రమాదకర దూరంలో లేదు. ఆర్ద్రా నక్షత్రం లక్ష సంవత్సరాలలోపు పేలవచ్చునని అంచనా. అయితే అది 500 కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఉన్నందున, పగటిపూట సైతం కనబడుతుందే తప్ప జీవులకు హాని చేయదు.

మనుషుల ఎముకలలోని కాల్షియం, రక్తంలోని ఇనుము సూర్యుడు పుట్టక ముందు పేలిన నక్షత్రాలలో తయారైనవే. కనుక సూపర్నోవాలు జీవానికి ముప్పు మాత్రమే కాదు, మూలం కూడా.