పెట్టె అడుగున చెవి మిషను

పోయిన ఏడాది సంక్రాంతి సెలవులకు ముందు గది శుభ్రం చేస్తూ పెట్టెలు జరుపుతుంటే, మా గదిలోని ఒక తమ్ముడి ట్రంకు పెట్టె మూత ఊడి సామాను కింద పడింది. బట్టల మధ్య ఒక చిన్న డబ్బా, అందులో చెవి మిషను ఉన్నాయి. ఏడో తరగతిలో ఉండగా క్యాంపులో ఇచ్చారట. "సెల్లు అయిపోయిందన్నా, మళ్లీ దొరకలేదు" అన్నాడు. పిలిస్తే పలకడని, పాఠం అడిగితే బిక్కమొహం వేస్తాడని ఆ తమ్ముణ్ణి "మొద్దు" అని పిలిచినవాళ్లలో మేమూ ఉన్నాం. ఆ రోజు మాకు నిజంగా సిగ్గేసింది. ఇలాంటి మిషన్లను ప్రభుత్వాలు ఎప్పటినుంచి ఇస్తున్నాయి, ఇచ్చినవి పెట్టె అడుగుకు ఎందుకు చేరుతున్నాయి అని తెలుసుకోవాలనిపించింది. తెలుసుకున్నది ఈ వార్షికోత్సవ సంచికలో మీతో పంచుకుంటున్నాం.

మిషను చేసే పని

చెవి మిషనులో ముఖ్యంగా మూడు భాగాలుంటాయి. మైకు శబ్దాన్ని అందుకుంటుంది. యాంప్లిఫయరు దాన్ని పెంచుతుంది. చిన్న స్పీకరు ఆ శబ్దాన్ని చెవిలోకి పంపుతుంది. మన మామూలు మాట దాదాపు 60 డెసిబెళ్లు ఉంటుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెళ్ల లోపం ఉన్నవారిని వినికిడి మందగించినవారుగా, 70 దాటితే బధిరులుగా లెక్కిస్తుంది. అంటే 60 డెసిబెళ్ల లోపం ఉన్న పిల్లవాడికి ముందు బెంచీలో కూర్చున్నా పంతులు గారి మాట లీలగానే వినపడుతుంది. అది తెలివికి సంబంధించిన లోపం కానే కాదు.

ఇంగ్లండులో మొదటి అడుగు

బ్రిటన్‌లో 1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది. అక్కడి వైద్య పరిశోధనా మండలి సంఘం రూపొందించిన "మెడ్రెస్కో" అనే చెవి మిషనును ఆ సేవ కింద ప్రజలకు ఉచితంగా ఇచ్చారు. అది రేడియో వాల్వులతో పనిచేసేది. ఒంటికి తగిలించుకోవాలి, బ్యాటరీలు విడిగా మోయాలి. అయినా దాని కోసం జనం పెద్ద సంఖ్యలో పేర్లు నమోదు చేసుకుని నెలల తరబడి ఎదురుచూశారు. ఇందులో మనం గమనించాల్సిన సంగతి ఒకటుంది. వాళ్లు మిషనుతో పాటు బ్యాటరీలు, మరమ్మతు కూడా ఉచితంగానే ఇచ్చారు.

1952 చివరి నుంచి ట్రాన్సిస్టరు మిషన్లు వచ్చి బరువు తగ్గింది. 1974 నుంచి బ్రిటన్ ఆరోగ్య సేవ చెవి వెనుక పెట్టుకునే రకం ఇవ్వసాగింది. 2000 తర్వాత డిజిటల్ మిషన్లు ఇచ్చింది.

మన దేశంలో

మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1965లో ఏర్పడింది. కాన్పూరులో వికలాంగుల పరికరాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ అలింకో 1972లో పుట్టింది. 1981లో కేంద్ర ప్రభుత్వం పేద వికలాంగులకు పరికరాలు ఇచ్చే ఎడిప్ పథకం తెచ్చింది. మూడు చక్రాల బండ్లు, కృత్రిమ కాళ్లతో పాటు చెవి మిషన్లు కూడా ఆ పథకం కిందే వస్తున్నాయి. 1983లో బొంబాయిలో అలీ యావర్ జంగ్ పేరిట జాతీయ వినికిడి సంస్థ ఏర్పడింది. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదులో ఉంది.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ వచ్చాక, మిషను పెట్టినా వినపడని చిన్న పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషను కూడా ప్రభుత్వ ఖర్చుతో చేయించడం మొదలైంది. ఆపరేషనుకూ, తర్వాత మాట నేర్పే శిక్షణకూ కలిపి ఒక్కొక్కరికి 6.50 లక్షల రూపాయల వరకు కేటాయించారు. ఇక్కడ శిక్షణను కూడా లెక్కలో వేయడం మంచి ఆలోచన. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వ బడి పిల్లలకు చేసే పరీక్షల్లో చెవి పరీక్ష కూడా ఉంది.

పెట్టె అడుగుకు ఎందుకు చేరుతుంది?

మన గుంటూరు, ప్రకాశం ఊళ్లలో పాతకాలం మిషన్లు చూసినవాళ్లున్నారు. చొక్కా జేబులో చిన్న పెట్టె, దాన్నుంచి చెవికి తీగ. చూడటానికి నామోషీగా ఉండేది, చొక్కా రాపిడి చప్పుడు కూడా వినపడేది. కానీ దానికి ఒక సుగుణం ఉంది. అది టార్చిలైటులో వేసే పెన్సిలు సెల్లుతో నడిచేది. ఆ సెల్లు ఏ పల్లె కిరాణా కొట్లోనైనా దొరుకుతుంది.

ఇప్పుడిచ్చే చెవి వెనుక మిషను అందంగా ఉంటుంది, మాట స్పష్టంగా వినిపిస్తుంది. దానికి బొత్తాం అంత సెల్లు కావాలి. వాడకాన్ని బట్టి వారం నుంచి రెండు వారాలు వస్తుంది. అది మన ఊరి కొట్లో దొరకదు. పత్తి తీతకో మిరప కోతకో కూలికి పోయే తల్లి, ఒక్క సెల్లు కోసం పని మానుకుని బస్సెక్కి పట్నం పోవాలి. ఒకసారి వెళ్తుంది, రెండుసార్లు వెళ్తుంది. మూడోసారి మిషను పెట్టెలోకి పోతుంది.

రెండో కారణం చెవి అచ్చు. మిషను గొట్టం చెవిలో ఇమడడానికి ఎవరి చెవి కొలతకు వారికి అచ్చు చేస్తారు. పిల్లలు పెరిగేకొద్దీ చెవీ పెరుగుతుంది, అచ్చు వదులవుతుంది. అప్పుడు శబ్దం బయటకు కారి మళ్లీ మైకులో పడి "కూయ్" అని కూస్తుంది. క్లాసులో అందరూ తిరిగి చూస్తారు. పిల్లవాడు సిగ్గుపడి తీసేస్తాడు.

మూడోది మన చెమట, మన ఎండలు. తేమ చేరితే మిషను మూగబోతుంది.

క్యాంపు ఒక రోజు జరుగుతుంది. మిషను అవసరం ఏళ్ల తరబడి ఉంటుంది. 1948లోనే బ్యాటరీని, మరమ్మతును మిషనుతో కలిపి ఎందుకిచ్చారో ఆ తమ్ముడి డబ్బా చూశాకే మాకు అర్థమైంది.

మనం చేయగలిగినవి

ఆ తమ్ముణ్ణి వార్డెన్ గారి సాయంతో చెవి డాక్టరుకు చూపించాం. మిషను చెడిపోలేదు. అచ్చు మార్చారు, సెల్లు వేశారు. ఇప్పుడు పట్నం వెళ్లే సీనియర్లు వంతులవారీగా సెల్లులు తెస్తున్నారు. మొదటి రోజు రాత్రి తను ఫ్యాను వంక చూసి, "ఇది ఇంత చప్పుడు చేస్తదా అన్నా?" అన్నాడు. మేము నవ్వాం గానీ గొంతు పట్టుకుంది.

తోటి విద్యార్థులకు మా మనవి:

1. పిలిస్తే పలకనివాణ్ణి, ప్రతి మాటకూ "ఆఁ?" అనేవాణ్ణి వెక్కిరించకండి. వార్డెన్ గారికి చెప్పి పరీక్ష చేయించండి.

2. చెవిలో చీము కారితే నూనె, ఆకు పసర్లు పోయకండి. అగ్గిపుల్లలు, కోడీకలు పెట్టకండి. చాలా వరకు అది మందులతో, అవసరమైతే ఆపరేషనుతో నయమయ్యే జబ్బు.

3. లోపం 40 శాతం పైన ఉంటే సదరం సర్టిఫికెట్ తీసుకోండి. ఎడిప్ మిషనుకు అది కావాలి.

4. రాత్రి మిషను తీసి సెల్లు తలుపు తెరిచి, పొడి డబ్బాలో పెట్టండి. సెల్లు మీది స్టిక్కరు వాడే రోజే తీయండి. తీసిన క్షణం నుంచే అది ఖర్చవుతుంది.

5. సెలవుల్లో జిన్నింగు మిల్లు పనికి వెళ్లేవారు చెవులు కాపాడుకోండి. 85 డెసిబెళ్లు దాటిన చప్పుడులో రోజూ 8 గంటలు ఏళ్ల తరబడి ఉంటే పోయిన వినికిడి తిరిగి రాదు.

పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక్క మాట. ఏటా వార్షికోత్సవానికి వస్తూ నోటు పుస్తకాలు, పెన్నులు తెస్తున్నారు, సంతోషం. ఈసారి వాటితో పాటు నాలుగు అట్టల చెవి సెల్లులు కూడా తేండి. మన హాస్టల్లో ఏ తమ్ముడి మిషనూ ఇక పెట్టె అడుగున ఉండకూడదు.