పట్టాల పక్కన త్రీనాట్‌త్రీ
వందేళ్లు దాటిన డిజైన్. లోపం తుపాకీలో కన్నా దాన్ని చేతికిచ్చిన తీరులోనే ఎక్కువ

బిలాస్‌పూర్ లాంటి రైల్వే ఊళ్ల చరిత్రలో పార, పలుగు, పచ్చజెండాలతో పాటు రైఫిల్‌కూ చోటుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే హయాంలో యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ ఉద్యోగులతో ఓ వలంటీరు రైఫిల్ దళం ఉండేది. అదే రైల్వే 1931లో రాయ్‌పూర్-విజయనగరం మార్గాన్ని పూర్తి చేసింది. కానీ పట్టాలు మోసిన తెలుగు కూలీలకు ఆ దళంలో ప్రవేశం లేదు. తుపాకీ ఎవరి భుజాన ఉండాలన్నదీ రాజకీయమే మరి.

ఆ కాలపు తుపాకీ లీ ఎన్‌ఫీల్డ్. 1907 నాటి నమూనా మన పోలీసుల నోట త్రీనాట్‌త్రీ అయింది. బరువు సుమారు 4 కిలోలు. మేగజీన్‌లో 10 తూటాలు. పేల్చిన ప్రతిసారీ బోల్టు లాగాల్సిందే. కోల్‌కతా సమీపంలోని ఇషాపూర్ ఫ్యాక్టరీలోనూ ఇది తయారైంది.

దీని జాతకం మడమ చెక్క మొదట్లో ఉండే ఇనుప పట్టీ మీద ఉంటుంది. కిరీటం ముద్ర కనిపిస్తే బ్రిటిష్ పాలన నాటిది. అశోక సింహాలుంటే స్వాతంత్య్రం తర్వాతది. ఏ ఏడాదిలో తయారైందో కూడా అక్కడే చెక్కి ఉంటుంది.

అయితే పుట్టిన తేదీ ఒకటి, ఆరోగ్యం మరొకటి. నూనె పట్టించిన చెక్క నిగనిగలాడితే సరిపోదు. ముందుగా తూటా లేదని నిర్ధారించుకోవాలి. తర్వాత బోల్టు మీది అంకె, తుపాకీ మీది అంకె ఒకటేనా అని చూడాలి. వేరే తుపాకీ బోల్టు బిగిస్తే తూటా వెనక ఖాళీ పెరిగి, పేల్చేవాడికే ప్రమాదం. గొట్టంలోకి వెలుతురు వేసి చూస్తే గాడులు పదునుగా కనిపించాలి. తుప్పు తిన్న గుంటలుంటే గురి తప్పుతుంది. తేమకు వంగిన చెక్క గొట్టాన్ని నొక్కినా అంతే. తూటాల అడుగు అంచులు ఒకదాని వెనక ఒకటి చిక్కుకునేలా నింపితే మంచి తుపాకీ కూడా మొరాయిస్తుంది.

ఈ లెక్కలన్నిటికీ పరీక్ష 2008 నవంబర్ 26 రాత్రి ముంబై ఛత్రపతి శివాజీ టెర్మినస్‌లో ఎదురైంది. అవతల ఏకే-47లు. ఇవతల రైల్వే పోలీసుల చేతుల్లో లాఠీలు, త్రీనాట్‌త్రీలు. బోల్టు లాగి ఒక్కో తూటా పేల్చే కానిస్టేబుల్ ధైర్యాన్ని శంకించలేం. అతన్ని అలా నిలబెట్టిన వ్యవస్థనే ప్రశ్నించాలి.

ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26 పరేడ్‌తో దీనికి వీడ్కోలు పలికారు. ముంబై రాత్రి గడిచాక అందుకు పట్టిన కాలం పదకొండేళ్ల పైమాటే. తుపాకీ వయసు కన్నా ఆలోచింపజేసేది ఆ జాప్యమే.