పేరాలో వాక్యముల పొందిక

అర్జీ, ఉత్తరము, పరీక్షలో వ్యాసము, సంఘమునకు నివేదిక: ఏదో యొక రూపమున వచనము వ్రాయవలసిన అవసరము ప్రతి గృహమునను కలుగుచునే ఉండును. వ్రాయువారిలో పెక్కుమంది అక్షరదోషములకు వెఱతురు, వ్యాకరణదోషములకు వెఱతురు. ఆ రెండును లేకున్నచో రచన సరిగా ఉన్నట్లే యని తలంతురు. కాని ప్రతి వాక్యమును నిర్దుష్టముగానే ఉండి, మొత్తము చదివిన పిమ్మట విషయము బోధపడని రచనలు కోకొల్లలుగా ఉన్నవి. అట్టి రచనలలో లోపము వాక్యములో లేదు. వాక్యమునకును వాక్యమునకును నడుమ ఉన్నది. ఆ నడుమనున్న సంబంధమును గూర్చియే ఈ ప్రసంగము.

ఒక విషయమును గూర్చి చెప్పు కొన్ని వాక్యముల సముదాయమును మనము పేరా అనుచున్నాము. ఈ పేరు మనకు అచ్చుతో పాటు వచ్చినది. తాళపత్రములపై వ్రాసిన కాలమున పదమునకును పదమునకును నడుమ సైతము ఎడము విడుచుట లేదు; ఇక విషయమునకును విషయమునకును నడుమ ఎడము ఎక్కడిది? పద్యమునకు దానితో అంతగా పనియు లేదు. పాదములు పూర్తికాగానే పద్యము ముగిసినదని చెవికే తెలియును. వచనమునకు గణములు లేవు, యతిప్రాసలు లేవు. అచ్చుయంత్రము వచ్చి వచన రచన విస్తరించిన పిమ్మట, పంక్తి మొదట కొంచెము చోటు విడిచి క్రొత్త విషయమును ఆరంభించు పద్ధతి మనకు అలవడినది. ఆ చోటు పుటకు అందము కొఱకు విడిచినది కాదు. “ఇంతవరకు ఒక మాట, ఇకమీద మఱొక మాట” అని వ్రాయువాడు చదువరికి చేయు సైగ అది. ఆ సైగను అకారణముగా చేసినను, చేయవలసినచోట మానినను చదువరి దారి తప్పును.

పేరు క్రొత్తదైనను దాని వెనుకనున్న విచారము మనకు క్రొత్త కాదు. పదములు కొన్ని కలిసినంత మాత్రమున వాక్యము కాదనియు, ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడును ఉండవలెననియు మన శాస్త్రకారులు నిర్ణయించిరి. “ఆవు, గుఱ్ఱము, మనుష్యుడు, ఏనుగు” అన్నచో ఏ పదమును మఱొక పదమును కోరుటలేదు. కావున ఆకాంక్ష లేదు. “నిప్పుతో తడుపుచున్నాడు” అన్నచో నిప్పునకు తడుపు శక్తి లేదు. కావున యోగ్యత లేదు. “ఆవును” అని ఉదయమున పలికి, “తోలుకొని రమ్ము” అని సాయంకాలమున పలికినచో సన్నిధి లేదు. మీమాంసకులు ఇంకొక అడుగు ముందుకు వేసిరి. పదములవలెనే వాక్యములును ఒకదానినొకటి కోరి, కలిసి, ఒకే ప్రయోజనమును సాధించుటను వారు ఏకవాక్యత యనిరి. ప్రయోజనము ఒకటి కావలెను. విడదీసినచో ఒక భాగము మఱొక భాగమునకై ఎదురుచూడవలెను. చక్కని పేరాకు ఇంతకంటె మంచి గుర్తు వెదకనక్కఱలేదు.

దీనిని ఒక ఉదాహరణమున పరీక్షింతము. విద్యార్థి యొకడు ధవళేశ్వరము ఆనకట్టను గూర్చి ఇట్లు వ్రాసెననుకొందము.

“గోదావరి నాసిక ప్రాంతమున త్ర్యంబకము కడ పుట్టినది. రాజమహేంద్రవరము ప్రాచీన నగరము. ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరము ఆనకట్ట పని ప్రారంభింపజేసెను. నన్నయ భారతాంధ్రీకరణమునకు పూనుకొన్నది రాజమహేంద్రవరముననే. ఆనకట్ట 1852లో పూర్తియైనది. పండ్రెండేండ్లకొకసారి గోదావరికి పుష్కరములు వచ్చును. డెల్టాలో వరి విస్తారముగా పండును.”

వాక్యములు ఏడు. ఒక్కటియు అసత్యము కాదు. ఒక్కదానియందును వ్యాకరణదోషము లేదు. అయినను ఇది పేరా కాలేదు. ఇది నదిని గూర్చినదా, నగరమును గూర్చినదా, ఆనకట్టను గూర్చినదా యని చదువరి తడుముకొనును. “నాయనా, నీవు చెప్పదలచిన దేమి?” అని ఆ విద్యార్థిని అడిగినచో, “ఆనకట్ట వలన డెల్టా రైతునకు కలిగిన మేలు” అని తడుముకొనకయే చెప్పును. అనగా విషయము అతని మనస్సున ఉన్నది. కాగితము మీదికి రాలేదు. ఇప్పుడు ఆ విషయమునే ప్రశ్నగా చేసి ప్రతి వాక్యమును నిలదీయవలెను: “నీవు ఈ ప్రశ్నకు సమాధానములో భాగమవా?” త్ర్యంబకము కాదు. నన్నయ కాడు. పుష్కరములు కావు. అవి యన్నియు తెలిసికొనదగినవే. కాని వాని చోటు ఇది కాదు. నిలిచిన వాక్యములను మాత్రము తీసికొని, వాని నడుమ లోపించిన మెట్లను కట్టి వ్రాసినచో ఇట్లుండును.

“ఆనకట్టకు పూర్వము డెల్టా రైతునకు గోదావరి కంటి యెదుటనే ఉండెడిది, కాని దాని నీరు కావలసినపుడు పొలమునకు అందెడిది కాదు. వరదనాడు ఆ నీరు గట్లు దాటి పైరును ముంచెడిది. వరద తీసిన పిమ్మట పొలముల మట్టమునకు దిగువగా పాఱి సముద్రమున కలిసెడిది. ఈ కారణముచేత వానలు తప్పిన యేడు నదియొడ్డుననే కఱవు వచ్చుచుండెను. ఈ చిక్కును తీర్చుటకు ఆర్థర్ కాటన్ ధవళేశ్వరము కడ నదికి అడ్డముగా ఆనకట్ట కట్టింప పూనుకొనెను. 1847లో ఆరంభమైన ఆ పని 1852లో పూర్తియైనది. ఆనకట్ట నదిలోని నీటిమట్టమును పైకెత్తినది. పైకెత్తబడిన నీరు కాలువలలోనికి మరలి, వాలు వెంట పొలములకు పాఱినది. అది మొదలు డెల్టాలోని వరి సేద్యము వాన యొక్కదానినే నమ్ముకొనవలసిన దుఃస్థితి తగ్గినది.”

ఇందు వాక్యములు తొమ్మిది. కాని మొదటి వాక్యము ఒక ఆకాంక్షను పుట్టించినది: నీరు ఎదుటనే ఉండి ఏల అందలేదు? రెండవ వాక్యము దానిని తీర్చి, “అందువలన ఏమైనది?” అను మఱొక ఆకాంక్షను పుట్టించినది. ఇట్లు ప్రతి వాక్యమును వెనుకటి దానికి బదులు చెప్పుచు, ముందుదానికి దారి తీయుచున్నది. నేడు ఆ పాత ఆనకట్టకు మాఱుగా కాటన్ పేరనే బ్యారేజి ఉన్నది. ఆ సంగతి ఆనకట్టకు సంబంధించినదే, సత్యమే. అయినను ఈ పేరాలో దానికి చోటు లేదు. ఏలయన ఇచ్చటి ప్రశ్న ఆనకట్ట ఏమైనదని కాదు, అది ఏమి చేసినదని. విషయమునకు దూరమైన వాక్యమును ఎవరైనను గుర్తింపగలరు. విషయమునకు చుట్టమై, ప్రశ్నకు మాత్రము పరాయిదైన వాక్యమును గుర్తించుటయే కష్టము.

పేరా కుదిరినదో లేదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష యొకటి ఉన్నది. శతకములో పద్యములన్నిటికిని మకుటము ఒకటియే. కాని సాధారణముగా ఏ పద్యమునకు ఆ పద్యమే పూర్ణము. పదవ పద్యమును నలువదవ పద్యముగా చదివినను అర్థమునకు లోటు రాదు. వానిని ముక్తకములనుట అందులకే. శతకమునకు అది దోషము కాదు. పేరాకు అది దోషము. మీ పేరాలోని మూడవ వాక్యమును అయిదవ చోటను, అయిదవ దానిని మూడవ చోటను ఉంచి చదివి చూడుడు. ఏమియు చెడలేదని తోచినచో, మీరు వ్రాసినది పేరా కాదు. ఒక మకుటము క్రింద చేర్చిన ముక్తకములు. విద్యార్థి వ్రాసిన ఏడు వాక్యములను ఎట్లు మార్చినను వాని స్థితి ఇంతకంటె చెడదు. రెండవ పేరాలో ఒక్క వాక్యమును కదలించినను “ఈ చిక్కు” ఏ చిక్కో, “ఆ పని” ఏ పనియో తెలియక పోవును.

వాక్యములను కలుపుటకు మన భాషలో సాధనములు సమృద్ధిగా ఉన్నవి. మొదటిది పదక్రమము. తెలుగున క్రియ సాధారణముగా చివర ఉండును. తక్కిన పదములను ముందువెనుకలు చేయు స్వాతంత్ర్యము వ్రాయువానికి కలదు. ఆ స్వాతంత్ర్యమును వినియోగించుకొని, చదువరికి అంతకుముందే తెలిసిన దానిని వాక్యము మొదట ఉంచి, క్రొత్తదానిని తరువాత చెప్పవలెను. “ఈ చిక్కును తీర్చుటకు” అని మొదలిడుటలో ఉన్న సుళువు ఇదియే. రెండవది ఈ, ఆ అను చిన్న మాటలు. ఇప్పుడే చెప్పినదానిని ‘ఈ’ దగ్గరకు లాగును. కొంచెము వెనుకటిదానిని ‘ఆ’ చూపును. మూడవది కావున, అయినను, ఏలయన, అనగా వంటి సంబంధ పదములు. ఇవి ఉన్న సంబంధమును చూపునే కాని లేని సంబంధమును పుట్టింపవు. కారణము చెప్పకయే ‘కావున’ అన్నచో చదువరి మోసపోడు; విసుగుకొనును. ‘మఱియు’ అను మాట మఱింత ప్రమాదకరమైనది. తోచినదెల్ల తెచ్చి చేర్చుటకు అది తలుపు తెఱచి ఉంచును.

సర్వనామముల కడ ప్రత్యేకముగా జాగ్రత్త వలయును. “సోమయ్య రామయ్యకు జాబు వ్రాసెను. అతనికి జ్వరముగా ఉన్నది.” ఎవరికి? ఒక యింటివారు ఊరట చెందవలెనా, ప్రయాణము కావలెనా యనునది ఆ ఒక్క మాటపై ఆధారపడి ఉన్నది. ‘అది’ యను మాట వస్తువునకును, జంతువునకును, కొందఱి నోట స్త్రీకిని చెల్లును. తెలుగు క్రియ తనలోనే పురుషను చూపును గనుక కర్తను విడిచియే “రేపు వచ్చును” అని వ్రాయుదుము. మాటలాడునపుడు ఎదుటివాడు అడిగి తెలిసికొనును. కాగితమును అడుగుటకు వీలులేదు. సందేహము కలుగుచోట పేరును మరల వ్రాయుటయే మేలు. పునరుక్తి చెవికి కొంచెము మోటుగా ఉండవచ్చును. సందిగ్ధత పనినే చెఱచును.

పని చెడుట యనగా ఏమో ఒక అర్జీ వలన తెలియును. ఒక యూరి చెఱువు తూము శిథిలమై నీరు వృథాగా పోవుచున్నదనుకొందము. గ్రామస్థులు అర్జీ వ్రాసిరి. మొదట గ్రామము యొక్క ప్రాచీనత. తరువాత చెఱువు త్రవ్వించిన వారి కీర్తి. పిమ్మట బాట బాగులేదని ఒక వాక్యము. తూము కాఱుచున్నదని ఒక వాక్యము. బడికి ఉపాధ్యాయుడు చాలడని ఒక వాక్యము. తిరిగి చెఱువు క్రింది ఆయకట్టు లెక్క. అన్నియు నిజములే, అన్నియు అవసరములే. కాని నూఱు కాగితముల నడుమ దీనిని చదువు అధికారి దేనిని గ్రహించును? మొదట కంటబడిన బాటను గ్రహించి, కాగితమును బాటల శాఖకు పంపును. అది తిరిగి వచ్చులోపల వానలు వచ్చిపోవును, చెఱువు నిలువదు. ఇదే అర్జీని మూడు పేరాలుగా వ్రాయవచ్చును. తూము ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నది, దానివలన ఎంత పొలమునకు నష్టము అనునది మొదటి పేరా. ఇంతవరకు గ్రామస్థులు చేసిన ప్రయత్నము రెండవది. వానలకు ముందుగా ఏమి చేయవలెనని కోరుచున్నారో అది మూడవది. బాటకును బడికిని వేఱు అర్జీలు ఉండవలెను. సన్నిధి యనగా ఇదియే: ఒకదానికొకటి కావలసిన మాటలు ఒకచోట ఉండుట, వాని నడుమ పరాయి మాట దూఱకుండుట.

పేరా ఎంత పొడవుండవలెనని కొందఱు అడుగుదురు. దానికి కొలత లేదు. ప్రశ్న రెండు వాక్యములలో తీఱినచో పేరా రెండు వాక్యములే. పదింటికి గాని తీఱనిచో పదియును ఉండవలసినదే. పొడవైనట్లు కనబడుచున్నదని విషయమును నడుమ త్రుంచుట, పొట్టిగా ఉన్నదని వేఱు విషయమును తెచ్చి పూరించుట రెండును తగవు.

తీసివేయుటయే అందఱకును బాధాకరమైన పని. వ్రాసిన వాక్యములలో సొగసైనదియే తఱచుగా పేరాకు పరాయిది అగుచుండును. దాని మీది మమకారముచేత తక్కిన వానిని దాని చుట్టు త్రిప్పుటకు చూతుము. అట్టి వాక్యమును పాఱవేయనక్కఱలేదు. వేఱొక కాగితముపై ఎత్తి వ్రాసి ఉంచుకొనుడు. దానికి తగిన ప్రశ్న ఇంకొకనాడు రావచ్చును. నన్నయను గూర్చిన వాక్యమునకు రాజమహేంద్రవరమును గూర్చిన వ్యాసమున మొదటి పీఠమే దక్కవచ్చును.

రేడియోలో ప్రసంగించువారికి ఈ నియమములు మఱింత అవశ్యకములు. చదువరి సందేహము కలిగినపుడు పై పంక్తికి పోయి మరల చూచుకొనగలడు. శ్రోతకు ఆ యవకాశము లేదు. చెవిని దాటిన మాట దాటినదే. కావున వ్రాసినదానిని చెవితో పరీక్షించుట మేలు. మీ పిల్లవాడు వ్యాసము వ్రాసి తెచ్చినపుడు వానినే బిగ్గఱగా చదువుమని, ఇంటిలోని పెద్దవారిని వినుమనుడు. ఒక్కొక్క వాక్యము ముగియగానే ఆపి, “ఇప్పుడు ఏమి చెప్పునని తోచుచున్నది?” అని వారిని అడుగుడు. వారు ఊహించినదానికి దగ్గఱగా తరువాతి వాక్యము వచ్చినచో, లేక ఊహింపకున్నను వినగానే “అవును గదా” అనిపించినచో ఆ రెండింటి నడుమ పొందిక ఉన్నట్లే. “ఇది ఎక్కడనుండి వచ్చినది?” అని వారు అడిగినచోట పెన్సిలుతో గుర్తు పెట్టించుడు. ఆ గుర్తు కడ ఒక వాక్యము లోపించినది, లేదా ఒక వాక్యము ఎక్కువైనది. ఏదియో పిల్లవాడే తేల్చుకొనును.