బాగుచేసిన ఇంజను త్వరగా ఎందుకు చెడును?

మోటారు కారు ఇంజను చాలకాలము నడచి అరిగిన పిమ్మట దానిని విప్పి, సిలిండర్లను బోరు చేయించి, పిస్టనులు, రింగులు, బేరింగులు క్రొత్తవి వేసి మరల కూర్చుట పరిపాటి. పని సరిగా జరిగినచో ఆ ఇంజను వేలకొలది కిలోమీటర్లు నడువవలెను. కాని కొన్ని ఇంజనులు కొద్ది వందల కిలోమీటర్లకే లోపల టకటకమని కొట్టుకొన నారంభించును. విప్పి చూడగా బేరింగు పాడైయుండును. బేరింగు మంచిది కాదని మరియొకటి వేయుదురు. కొంతకాలమునకు మరల అదే చప్పుడు! టాక్సీ నడుపుకొని బ్రతుకువానికి ఇది రెండుమారులు ఖర్చు, రెండుమారులు పని నష్టము.

ఇందలి పొరపాటు చెడిన బేరింగును దోషిగా ఎంచుట. నిజమునకు అది దోషి కాదు, సాక్షి. సాక్షి చెప్పునది వినక దానిని పారవేసినచో అసలు దోషి ఇంజనులోనే మిగిలిపోవును.

నూనెపొర చేయు పని

క్రాంకు షాఫ్టు తిరుగుటకు ఆధారమైన బేరింగు, సగము గొట్టమువంటి రెండు చిప్పల జత. ఉక్కురేకుపై మెత్తని మిశ్రలోహపు పొర అంటించి చిప్పను చేయుదురు. ఇంజను సరిగా నడచునపుడు షాఫ్టు ఈ లోహమును తాకదు, నూనెపై తేలుచుండును.

ఈ సంగతి 1883లో ఇంగ్లండులో బీచమ్ టవర్ చేసిన ప్రయోగముల వలన బయటపడినది. నూనె పోయుటకై ఆయన బేరింగు పైభాగమున ఒక రంధ్రము చేయించెను. ఇరుసు తిరుగునపుడు నూనె లోనికి పోవుటకు బదులు పైకి ఉబికి వచ్చెను. రంధ్రమును బిరడాతో మూయగా, బిరడా కూడ బయటికి నెట్టబడెను. 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ దీనికి గణితశాస్త్రరీత్యా కారణము చెప్పెను. తిరుగుచున్న ఇరుసు నూనెను తనతో లాగికొనిపోయి, క్రమముగా ఇరుకగు సందులోనికి త్రోయును. అచట నూనెలో గొప్ప ఒత్తిడి పుట్టి ఇరుసును పైకి ఎత్తిపట్టును. అనగా నూనె పంపు చేయు పని నూనెను బేరింగునకు అందించుట మాత్రమే. బరువును మోయు ఒత్తిడిని షాఫ్టు తన భ్రమణము చేతనే పుట్టించుకొనును.

50 మిల్లీమీటర్ల వ్యాసముగల షాఫ్టునకు బేరింగులో విడుచు సందు సుమారు 0.05 మిల్లీమీటరు. ఇది తల వెండ్రుక మందము కంటె తక్కువే. నడచునపుడు మిక్కిలి ఇరుకైన చోట నూనెపొర కొద్ది మైక్రానులే. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. కావున కంటికి కనబడని నలుసు కూడ ఆ పొరను చీల్చగలదు. నూనె కొద్ది క్షణములు అందకున్నను లోహము లోహమును రాయును.

సాక్ష్యమును చదువుట

చెడిన చిప్పలపై ముఖ్యముగా నాలుగు విధములైన గుర్తులు కనబడును.

మొదటిది: షాఫ్టు తిరుగు దిశలో సన్నని గీతలు, వాటి చివర లోహములో దిగబడిన నలుసులు. నూనెలో మలినము కలదని దీని అర్థము.

రెండవది: గీతలు లేక, పైపొర కరగి ప్రక్కకు పాకినట్లుండుట. ఇది నూనె అందని గుర్తు. అన్ని చిప్పలు ఇట్లున్నచో పంపును, నూనె మట్టమును పరీక్షింపవలెను. ఒకటి మాత్రమే ఇట్లున్నచో దానికి పోవు నూనెరంధ్రము మూసికొనినదేమో, లేక అచటి సందు మరీ తక్కువైనదేమో చూడవలెను.

మూడవది: చిప్ప ఒక అంచున మాత్రమే అరుగుట. కనెక్టింగ్ రాడ్డు వంగియుండవచ్చును, లేదా షాఫ్టును సాన పట్టినపుడు వాలు వచ్చియుండవచ్చును.

నాలుగవది: ఒకచోట మాత్రము మెరయు మచ్చ, చిప్ప వీపున సరిగా అదేచోట మరియొక గుర్తు. కూర్చునపుడు చిప్ప వెనుక నలుసు చిక్కి, చిప్పను లోనికి ఉబ్బించినదన్నమాట.

మలినము ఎచటినుండి వచ్చును?

దుమ్ము బయటినుండియే రానక్కరలేదు. సిలిండరు గోడలను రాపిడిరాళ్లతో నునుపు చేయునపుడు రాలిన గట్టి రేణువులు ఆ గోడల సన్నని గీతలలో చిక్కుకొనియుండును. కిరసనాయిలుతో కడిగినచో జిడ్డు పోవును గాని ఈ రేణువులు పూర్తిగా పోవు. వేడినీరు, సబ్బు, బ్రష్షు వీటిని పైకి లేపగలవు. తరువాత తెల్లని గుడ్డకు నూనె అద్ది తుడువగా, గుడ్డ మాయకుండునంతవరకు కడుగవలెను. కడిగిన వెంటనే ఆరబెట్టి నూనె పూయకున్నచో త్రుప్పు పట్టును. నూనెకాలువల బిరడాలను తీసి లోపల కూడ బ్రష్షు నడుపవలెను. మరచిన కాలువలోని లోహపు పొడి మొదటిసారి ఇంజను తిరిగినప్పుడే నేరుగా బేరింగులకు చేరును.

మొదటి తిరుగుడు కూడ ప్రమాదకరమే. అప్పటికి కాలువలలో నూనె లేదు. కావున ఇంజనును నడుపుటకు ముందే నూనెను ఒత్తిడితో కాలువలలో నింపి, ఒత్తిడి చూపు మీటరు కదలినదని నిశ్చయించుకొనవలెను.

రింగు సందు: ఒక లెక్క

2014 వరకు మన దేశములో తయారైన అంబాసిడర్ కార్లలో పేరుపడిన 1489 ఘన సెంటీమీటర్ల ఇంజనులో సిలిండరు వ్యాసము సుమారు 73 మిల్లీమీటర్లు. రింగు చుట్టుకొలత దాదాపు 229 మిల్లీమీటర్లు. పోత ఇనుము ఒక సెంటీగ్రేడు డిగ్రీకి తన పొడవులో సుమారు 0.000011 వంతు పెరుగును. రింగు సిలిండరు కంటె 100 డిగ్రీలు ఎక్కువ వేడెక్కినదనుకొందము. అప్పుడు 229 × 0.000011 × 100 = 0.25 మిల్లీమీటరు అదనపు పెరుగుదల. రింగు కొనల మధ్య ఇంతకంటె తక్కువ సందు విడిచినచో కొనలు ఒకదానినొకటి ఢీకొని, రింగు గోడకు బిగిసి, దానిని గీరివేయును.

పరీక్షాక్రమము

ఇంజను చప్పుడు చేయగానే దానిని ఆపవలెను. నూనెను శుభ్రమైన పాత్రలోనికి దింపి, ఫిల్టరును కోసి లోపలి కాగితమును పరచి చూడవలెను. అయస్కాంతమునకు అంటుకొను పొడి ఇనుము లేక ఉక్కు. అంటుకొనక మెరయు రేకులు చాలవరకు బేరింగు పైపొర. పాఠశాలలో కూడ వాడిన నూనెతో ఈ పరీక్షను సులభముగా చేసి చూపవచ్చును. పిమ్మట చిప్పలను కడుగకుండ, ఏది ఏ చోటిదో అంకె వేసి, వరుసగా పేర్చి పోల్చవలెను. ఒక చిప్ప చెప్పని సంగతి వరుస మొత్తము చెప్పును.

దొరికిన కారణము అన్ని గుర్తులకు సరిపోవలెను. ఒక్క గుర్తు సరిపోకున్నను వెదకుట ముగియలేదన్నమాట. కారణము తేలునంతవరకు క్రొత్త బేరింగు పెట్టెలోనే ఉండుట మేలు.