పదేళ్లకు అరచేయంత!

కుక్కపిల్లను తెచ్చుకుంటే ఏడాది తిరిగేసరికి ఎదిగిపోతుంది. అదే మెక్సికన్ రెడ్‌నీ టరాంటులా పిల్లయితే? ఏడాదయ్యాక కాళ్లు చాపినా అటూ ఇటూగా రూపాయి బిళ్లంతే!

మోకాళ్ల దగ్గర నారింజ రంగుతో మెరిసే ఈ సాలీడు సొంతూరు మెక్సికో పసిఫిక్ తీరం. పెంపుడు సాలీళ్లలో దీనికి ఫ్యాన్స్ ఎక్కువ, ఎదుగుదల మాత్రం నత్తనడక.

కుబుసం విడిస్తేనే...

సాలీడుకు ఎముకలు ఒంటి లోపల ఉండవు. పైన ఉండే గట్టి పెంకే దానికి అస్థిపంజరం. అది సాగదు కాబట్టి పాములా కుబుసం విడిచాకే సైజు పెరుగుతుంది. ఆ టైం దగ్గరపడితే తిండి మానేస్తుంది, వెల్లకిలా పడుకుంటుంది. కొత్తగా పెంచేవాళ్లు చచ్చిపోయిందనుకుని కంగారుపడేది అప్పుడే! కదిలించకుండా వదిలేస్తే చాలు. ఊడిన కాలు కూడా కుబుసాలతో మళ్లీ మొలుస్తుంది. పిల్లలు ఏడాదిలో చాలాసార్లు కుబుసం విడుస్తాయి. పెద్ద ఆడవాటికి ఏడాదికో, రెండేళ్లకో ఒకసారి.

తొందరపెడితే?

వెచ్చగా ఉంచి, కీచురాళ్లు ఎక్కువగా పెడితే కాస్త త్వరగా పెరుగుతుంది. కానీ మగదైతే త్వరగా ఎదిగిందంటే త్వరగా పోతుందనే లెక్క. ఈడుకొచ్చాక దాని ఆయువు సాధారణంగా ఏడాది, మహా అయితే ఇంకొంచెం. ఆడది మాత్రం ఇరవయ్యేళ్లు దాటి బతుకుతుంది.

అసలు చిక్కు ఇక్కడే. అన్నేళ్లు ఆగే ఓపిక లేనివాళ్లు పెద్దదాన్నే కొంటామంటారు. దాంతో అడవిలోంచి పట్టుకొచ్చేవాళ్లు తయారయ్యారు. ఆడది పిల్లల్ని కనే వయసుకు రావడానికే ఆరేడేళ్లకు పైగా పడుతుంది. అలాంటిదాన్ని ఎత్తుకుపోతే ఆ లోటు పూడటం ఎప్పటికి? అందుకే 1985లోనే ఈ సాలీడు అంతర్జాతీయ వ్యాపారాన్ని సైటీస్ ఒప్పందం కిందికి తెచ్చారు.

మన నీలి సాలీడు

మోజు మన దాకా కూడా వచ్చింది. 1899లో గుత్తిలో దొరికిన నీలి టరాంటులాకు ఆ ఊరి పేరే పెట్టారు. ఇప్పుడది నంద్యాల, గిద్దలూరు మధ్య అడవుల్లో ఉంటుంది. రెడ్‌నీలా మందకొడి కాదు, త్వరగానే పెరుగుతుంది. అయినా అడవులు తరిగిపోతుండటంతో 2008లో తీవ్ర ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాకెక్కింది. 2019లో దీని వ్యాపారమూ సైటీస్ నియంత్రణలోకి వచ్చింది.

అందుకే ఎక్కడైనా అరచేయంత రెడ్‌నీ వీడియో కనిపిస్తే 'వావ్' అనేముందు ఒక్క క్షణం ఆగండి. అది ఎవరి దగ్గరో పదేళ్లు ఓపిగ్గా పెరిగిందా, అడవి నుంచి ఒక్కరోజులో మాయమైందా?